సొంతంగా అల్లిన లేసు

ఆ దరఖాస్తు కాగితం గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. తొంభైల్లో మేం ఖతర్‌లో, దోహాలోని మదీనత్ ఖలీఫాలో ఉండేవాళ్ళం. మా ఆయనది ఆఫీసు ఉద్యోగం. నా వీసా మీద గృహిణి అని ఉండేది, జీతానికి పనిచేసే వీల్లేదు. చేతిలో మాత్రం గోదావరి పక్క మా ఊళ్ళో నేర్చుకున్న లేసు అల్లిక ఉంది.

విదేశీ ఆడవాళ్ళ సంఘం ఒకటి చేతిపనుల్లో కొత్తగా నిలదొక్కుకునేవాళ్ళకు సాయం చేస్తామంది. ఏడాదికి సరిపడా నూలు, శిక్షణ, హోటల్లో పెట్టే ప్రదర్శనలో మన పని పరుచుకోవడానికి ఒక బల్ల. ఫలానా ఆయన భార్య అనిపించుకుని విసిగిపోయి ఉన్నానేమో, ఆ బల్ల మీద ప్రాణమంతా పెట్టుకున్నాను.

చిక్కల్లా ఒక్కటే. ఒక్కరే పూర్తిగా చేసిన వస్తువు పంపాలట! మా వైపు లేసు అలా పుట్టదు. పువ్వులు అల్లేవాళ్ళు పువ్వులే అల్లుతారు. వాటిని కలిపి గుడ్డగా అతికేవాళ్ళు ఇంకో ఇంట్లో ఉంటారు. నేను పువ్వుల మనిషిని. దోహాలోనే నజ్మా పేటలో ఒంటి గది కాపురం చేసే అక్క ఒకామె, మా జిల్లా మనిషే, ప్రార్థన కూటంలో పరిచయం, నా పువ్వులు అతికిపెట్టేది. ఆమె అతికిందంటే ముడి ఎక్కడుందో వెతికినా దొరకదు.

ఇద్దరం చేశామని రాద్దామని ఆమెతో అన్నాను.

“ఒక్కళ్ళకే అంటన్నారు కదమ్మా. నువ్వే చేశానని రాసెయ్. నాకెందుకీ గొడవ?” అంది.

ఇంకోసారి బతిమాలాల్సింది. బతిమాలలేదు. ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు ఇంటికొచ్చి, మా లేసు బల్లగుడ్డ నేనొక్కదాన్నే చేశానని దరఖాస్తులో రాసేశాను.

సంఘం నుంచి పిలుపొచ్చింది. ముగ్గురు మేడంలు బల్లగుడ్డను తిరగేసి మరగేసి చూసి మెచ్చుకున్నారు. నేను వెంట తెచ్చిన విడి పువ్వుల్లోంచి పెద్దావిడ రెండు తీసి, తమ ముందే అతికి చూపించమంది. సూది పట్టుకున్నాను. ముడి పడింది. విప్పాను. మళ్ళీ పడింది. ఏసీ గదిలో చెమటలు పోశాయి. చివరికి, అతికింది నేను కాదని ఒప్పేసుకున్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పెన్ను తీసి, “సరే, ఆమెనూ పిలుద్దాం. పేరేమిటి?” అంది.

నాలుగేళ్ళుగా ఆమె చేతి చేపల పులుసు తింటున్నాను. ఆమెకు ఏ మోకాలు నొప్పో తెలుసు. వాళ్ళాయన డ్యూటీకి ఏ వేళకు వెళ్తాడో తెలుసు. పేరు తెలియదు. అక్కా అని పిలుస్తూ ఏనాడూ అడగలేదు.

రేపు కనుక్కుని చెబుతానన్నాను. ఆవిడ పెన్నుకు మూత పెట్టి, గుడ్డ మడిచి నా చేతికిచ్చి, ఎవరి పనో ఎత్తుకొచ్చిన దొంగను చూసినట్టు చూసింది.