సముద్రం ఒడ్డున రిబ్కమ్మ మొదటి ముద్ద

తిరువూరు చుట్టుపక్కల చర్చి పండగైనా పెళ్లైనా పొయ్యి దగ్గర జోజప్ప ఉండాల్సిందే. ఆయన వండితే భార్య రిబ్కమ్మ వడ్డిస్తుంది. పంక్తులన్నీ లేచాక, చల్లారిన అన్నంలో గిన్నె అడుగున మిగిలింది కలుపుకుని తింటుంది. ఇంట్లో వంట ఎలాగూ ఆమెదే.

"నీ చేతి పప్పు వేడిగా ఎలా ఉంటుందో ఊరందరికీ తెలుసు, నాకే తెలీదు" అందొకసారి నవ్వుతూనే. ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది.

అందుకే మొన్న వేసవిలో వ్యాను మాట్లాడుకుని నలుగురితో కలిసి వేళాంకణి మాత దగ్గరికి బయల్దేరినప్పుడు అందరి ముందూ చెప్పేశాడు. "దారిలో సముద్రం ఒడ్డున మామిడికాయ పప్పు వండుతా. మొదటి ముద్ద మా రిబ్కాదే."

"చూద్దాంలే" అంది ఆమె.

చెన్నై దాటాక రోడ్డు పక్కన తెల్లటి కుప్పలు కనిపించాయి.

"ఏడుకొండలూ, ఈ ఎండల్లో పత్తి ఏంట్రా? వాన పడితే ఏం కాను?" అని అడిగింది రిబ్కమ్మ.

"అది ఉప్పు పిన్నీ!" అన్నాడు పెనుగొలను ఊరి డ్రైవరు ఏడుకొండలు. వ్యాను దిగి నాలిక్కి రాసుకునేదాకా ఆమె నమ్మలేదు.

మధ్యాహ్నం ఒక జాలరిపేట దగ్గర, సరుగుడు తోట పక్కన ఆగారు. ఎక్కడ పొయ్యి పెట్టినా ముందు నేల మీద నీళ్లు చల్లి, తొక్కి గట్టి చేయడం జోజప్ప పద్ధతి. దుమ్ము వంటలో పడకూడదు. ఇక్కడ పైన ఇసుకేమో గాలికి లేస్తోంది. నీళ్లకు దగ్గరగా మాత్రం తడిగా, నున్నగా, కళ్లంలా ఉంది.

"చూశావా, మనకోసం కళ్లాపి చల్లి పెట్టారు" అన్నాడు.

ఈ సంగతి చెప్పేటప్పుడు రిబ్కమ్మ ఇప్పటికీ ఆయన మాటకు అడ్డొస్తుంది. "తొక్కి కూడా చూశాడండీ!"

అక్కడే రాళ్లు పేర్చి, ఊరి నుంచి తెచ్చిన మామిడి కట్టెలు అంటించాడు. అన్నం వండి, మూతపెట్టి వ్యానులో ఉంచాడు. పప్పులో మామిడి ముక్కలు పడ్డాయి. సముద్రానికి పోటొస్తే నీళ్లు పైకెక్కుతాయని మెట్ట ఊళ్లవాళ్లకేం తెలుసు? ఒక అల వచ్చి కట్టెల చివర తాకి వెళ్లింది.

"పలకరించి పోయింది బాబాయ్" అన్నాడు ఏడుకొండలు.

రెండోది పొయ్యిలోకే వచ్చేసింది. మంట సుయ్యిమంది. రాళ్లు కదిలి గిన్నె ఒరిగింది.

"ఏవయ్యా, నా ముద్ద సముద్రానికి పెడతావా!" అని రిబ్కమ్మ కొంగుతో ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క ఏడుకొండలు తువ్వాలు వేసి పట్టాడు. పప్పు దక్కింది, అందులో కాస్త సముద్రంతో సహా.

వల బాగు చేసుకుంటున్న ఒక జాలరామె పొట్ట పట్టుకుని నవ్వింది. భాష కలవకపోయినా రిబ్కమ్మ చెయ్యి పట్టి తన తాటాకు పాక దగ్గరికి లాక్కెళ్లింది. పొయ్యి మీది చేపల కూర దించి, పప్పు గిన్నె ఎక్కించింది. జోజప్ప తాలింపు వేశాడు. ఆ ఘాటుకు ఆమె తుమ్మి, మళ్లీ నవ్వింది.

అందరూ వరసగా కూర్చున్నారు. రిబ్కమ్మ అలవాటుగా గరిటె అందుకుంది. జోజప్ప లాక్కున్నాడు.

"కూర్చో."

"అందరూ ఆకలి మీదున్నారయ్యా."

"నువ్వు తింటేగానీ మాకు పెట్టేలా లేడు పిన్నీ, కూర్చో" అన్నాడు ఏడుకొండలు.

జాలరామె రిబ్కమ్మను భుజాలు పట్టి కూర్చోబెట్టి, కంచంలో ఒక చేప ముక్క కూడా వేసింది. వ్యానులోంచి తెచ్చిన అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. రిబ్కమ్మ పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. జోజప్ప గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఉప్పెక్కువ" అంది.

"నేనసలు ఉప్పే వెయ్యలేదే!"

"అయితే సముద్రం వేసినట్టుంది." ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది. మరొకటి. కంచం ముందుకు జరిపింది. "బాగుంది. ఇంకో గరిటె వెయ్యి. ఇవాళ ఆఖర్న తినేది నువ్వు."