చిన్నాయిన వేళ్లు, సముద్రపు పువ్వు

భువనగిరిలో పరమేష్ అన్న రంగుచేపల దుకాణంలో ఉప్పునీళ్ల తొట్టి ఒక్కటే ఉంది. దాన్ని చూసుకునేది మా రాంచందర్ చిన్నాయిన. ఇరవై ఏళ్లు మగ్గం నేసి, అది అమ్మేసి, మూడేళ్ల కింద ఈ పనిలో చేరాడు. పదో తరగతి మధ్యలో మానేసిన నేను మంచినీళ్ల తొట్లు కడుగుతాను.

ఆ తొట్టిలో రాయిని కరుచుకొని ఒక సముద్రపు పువ్వు ఉంటుంది. పేరుకే పువ్వు, అది జంతువు. కింద ఒంటి పాదం, నడుమ నోరు, చుట్టూ మెత్తని తీగలు. తీగల నిండా కంటికి కనపడని సంచులుంటాయట. ఒక్కో సంచిలో చుట్టిపెట్టిన విషపు దారం. తాకితే సూదిలా దూసుకొస్తుందని చిన్నాయినే నాకు చెప్పాడు. తాను మాత్రం ఎన్నడూ గ్లవ్స్ తొడగలేదు.

"నూలు రాసి రాసి కాయలు గాసిన వేళ్లు బిడ్డా, గీ దారం దిగదు," అనేవాడు. నిజంగానే దిగలేదు.

ఆ సోమవారం పొద్దున పువ్వు రాయిని వదిలేసి, అద్దం మీద పాకుతూ నీళ్లు తిప్పే పంపు వైపు రాసాగింది. పంపు లాక్కుంటే ముక్కలైపోతుంది. దాని విషానికి నీళ్లు పాడై తొట్టిలోని చేపలన్నీ చస్తాయి.

"గిది పోతే నీ నౌకరీ గూడ పోతది రాంచందరన్నా," అన్నాడు పరమేష్ అన్న నవ్వుతూ. ఆయన నవ్వుతూ అన్నవే ఎక్కువ జరుగుతాయి.

చిన్నాయిన పంపు ఆపి, వలగుడ్డ ముక్కను దాని మూతికి చుట్టి, దారంతో ముడులు వేయసాగాడు. పంపు ఆగితే చేపలకు గాలి అందదు. అప్పుడే పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నేను వాటిని చూస్తాను, పువ్వును చూస్తాను, మళ్లీ వాటిని.

మూడో ముడి దగ్గర తీగలు ఆయన వేళ్లకు తగిలాయి. "అవ్వా!" అన్నాడు. ముడి బిగించాకే చేయి తీశాడు. వేలి కొసలు ఎర్రగా పొంగాయి. లుంగీకి రుద్దుకుంటూ నల్లా వైపు ఉరికాడు.

"రుద్దకు చిన్నాయినా! నల్లా నీళ్లు వద్దు!"

నా గొంతు అంత గట్టిగా ఆ దుకాణంలో ఎవరూ విని ఉండరు. రుద్దినా, మంచినీళ్లు తగిలినా పగలని సంచులు కూడా పగులుతాయని ఆయన చెప్పిందే. బకెట్లో కలిపి ఉంచిన ఉప్పునీళ్లు చేతి మీద పోశాను.

పరమేష్ అన్న పంపు వేసి వచ్చాడు. "దమ్ము ఆడుతాందా అన్నా? దవాఖానకు పోదామా?"

"ఆడుతాంది. మంటనే."

మధ్యాహ్నం దాకా ఎవరం కూర్చోలేదు. పువ్వు వల దాకా వచ్చి, తీగలు ముడుచుకొని, అన్నం వేళకు పక్క రాయి ఎక్కి పాదం ఆనించింది. పరమేష్ అన్న టీ చెప్పాడు.

చిన్నాయిన తొట్టిని చూడటం లేదు. వేలి కొసలను వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నాడు.

"మెత్తగైనయ్ బిడ్డా. మగ్గం ఇడిసి మూడేండ్లాయె."

మర్నాడు తొట్టి మూత తీసే ముందు గ్లవ్స్ అడిగాడు. తొడుక్కొని, గాలిలోనే ఒక ముడి వేసి చూశాడు.