ఆసిడ్ పెట్టిన అతుకు

నా చిన్నప్పుడు చేసిన తప్పుల్లో చాలావాటికి దెబ్బలు తిన్నాను, తిని మర్చిపోయాను కూడా. ఒక్క తప్పుకు మాత్రం నా మీద ఎవరూ చెయ్యెత్తలేదు. యాభై ఏళ్లు కావస్తున్నా అది నన్ను వదల్లేదు. మొన్న మా మనవరాలు స్కూలు ప్రాజెక్టుకని సాల్డరింగ్ సామాను కొనుక్కొచ్చి, ఏ తీగ మంచిదో చెప్పు నానమ్మా అని నా ముందు పరిచింది. చెప్పడానికి నోరు తెరిచాను గానీ, ముందు గుర్తొచ్చింది తీగ కాదు, వానలో తడుస్తున్న ఒక ముసలాయన.

అప్పట్లో మేం గడ్డిఅన్నారంలో కిరాయికి ఉండేవాళ్లం. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుటుంబం మాది, నాన్న లారీ నడిపేవాడు. పక్క వాటాలో కోస్తా నుంచి వచ్చిన దంపతులు ఉండేవాళ్లు, నేను అక్క, బావ అని పిలిచేదాన్ని. మేడ మీది గదిలో తాతయ్య ఒక్కడే ఉండేవాడు. మాకు చుట్టమేమీ కాదు, గల్లీలో పిల్లలందరికీ ఆయన తాతయ్యే. వైర్‌లెస్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. సర్కారు దగ్గర లైసెన్సు తీసుకుని, తన చేత్తో కట్టుకున్న రేడియోలో ఎక్కడెక్కడి మనుషులతోనో మాట్లాడేవాడు. దాన్ని హామ్ రేడియో అంటారని ఆయనే చెప్పాడు. అందులో పాటలు రావు కాబట్టి మా తమ్ముడు దాన్ని రేడియోగానే ఒప్పుకునేవాడు కాదు.

నాకేమో ఆ గది వాసనంటేనే పిచ్చి. స్కూలు వదలగానే మెట్లెక్కేసేదాన్ని. అమ్మ గొణిగేది, ఆడపిల్లకు తీగల పనేంటని. తాతయ్య మాత్రం నా చేతికి సాల్డరింగ్ ఐరన్ ఇచ్చి, ఊదుతూ ఊదుతూ నా వేళ్లు కాలకుండా నేర్పాడు.

తిండి ఏది పెట్టినా తినే ఆ మనిషికి సాల్డరింగ్ సామాను దగ్గర మాత్రం ఎక్కడ లేని పట్టింపు. కోఠీలో దుకాణం వాడు ఇచ్చిందల్లా తెచ్చుకునేవాడు కాదు. సీసం కన్నా తగరం ఎక్కువున్న సన్నతీగ కావాలి, దాని కడుపులో అతుకు పట్టించే రోసిన్ ఉండాలి. అక్కడే ఐరన్ అడిగి కాస్త కరిగించి చూసేవాడు. గుగ్గిలం పొగలాంటి వాసన వస్తేనే జేబులోంచి పైసలు తీసేవాడు. సన్నపనికి చిన్న ఐరన్, మందపాటి రాగితీగకు పెద్ద ఐరన్. పాత తీగైతే నల్లదనమంతా పోయి ఎర్రగా మెరిసేదాకా బ్లేడుతో గీకాల్సిందే. ఇక ఒకే ఒక్క నిషేధం ఉండేది. చిల్లుపడ్డ బిందెలకు మాట్లు వేసేవాళ్లు వాడే ఆసిడ్ ఆ గది గడప తొక్కకూడదు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పాడు.

"బిందెనైతే కడుక్కుంటరు బిడ్డా. గీ తీగను ఎవరు కడుగుతరు? లోపల్నే ఉండి మెల్లగ తింటది."

ఆ ఎండాకాలం సెలవుల్లో డాబా మీది ఏరియల్ తీగను గదిలోకి వచ్చే కేబుల్‌తో కలిపే పని నాకు అప్పగించి, తాతయ్య భోంచేసి నడుం వాల్చాడు. ఆ తీగ ఎన్నేళ్లదో, బొగ్గులా ఉంది. గీకాను, గీకాను, చేతులు లాగేశాయి. సాల్డర్ పెడితే అంటుకోదు, పూసల్లా జారి కింద పడుతోంది. అదే టైముకు మా గేటు ముందు మాట్లాయన కూర్చుని అమ్మ ఇత్తడి బిందె బాగుచేస్తున్నాడు. చిల్లు మీద ఒక్క చుక్క ఆసిడ్ వేశాడో లేదో, కరిగిన సాల్డర్ నీళ్లలా పరుచుకుపోయింది. కిందికి దిగి, రేకు డబ్బాకని అబద్ధం చెప్పి, సిరాబుడ్డి మూతలో కాస్త పోయించుకున్నాను. రెండు నిమిషాల్లో అతుకు పడింది. వెండి పట్టీలా మెరిసింది.

తాతయ్య లేచి వచ్చి చూసి మురిసిపోయాడు. నా చెయ్యి కన్నా నీ చెయ్యి సాఫుగా ఉందన్నాడు. అంతటితో ఆగాడా, పక్క వాటా అక్కను కూడా డాబా మీదికి పిలిచి చూపించాడు. అంతగా మెచ్చుకున్నాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వానలు పడ్డాయి. ఆ వానల వెనకే సముద్రం వైపు తుఫాను వచ్చింది. అక్కకు రెండేళ్ల పాప ఉండేది. అక్కకు ఒంట్లో బాగాలేక ఆ పాపను నెలరోజులుగా పుట్టింట్లో వాళ్లమ్మ దగ్గర ఉంచింది. ఊరేమో సముద్రానికి దగ్గర. ఫోన్లు తెగిపోయాయి, తంతులు పోవడం లేదు. పేపర్లో వచ్చినవన్నీ భయపెట్టే మాటలే. అన్నం మానేసి మెట్ల మీద కూర్చున్న అక్కను తాతయ్యే పైకి పిలిచాడు. వాళ్లమ్మ పేరు, పాప పేరు, ఊరి పేరు రాసుకున్నాడు. తుఫాను పడ్డ పట్నంలో సెట్టు పెట్టుకుని కూర్చున్న ఇంకో హామ్ రేడియో ఆయనకు వాటిని పొద్దున్నే చదివి వినిపించాడు. కనుక్కుని చెబుతామని జవాబొచ్చింది. అక్క ఆ గదిలోంచి కదల్లేదు.

పదకొండు దాటాక రేడియో మూగబోయింది. సన్నని బుస తప్ప ఏమీ లేదు.

తాతయ్య ముందు డాబా ఎక్కాడు. వాన కొడుతోంది. నేను గొడుగు పట్టినా ఆయన తడుస్తూనే ఉన్నాడు. ఏరియల్ కట్టిన స్తంభం దగ్గర్నుంచి తీగ పొడవునా చూసుకుంటూ వచ్చి, నా అతుకు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అది ఇంకా మెరుస్తూనే ఉంది.

"గిది మా బిడ్డ ఏసింది. దీనికేం గాదు," అని దాన్ని దాటి వెళ్లిపోయాడు.

అప్పుడు చెప్పాల్సింది. ఆసిడ్ అన్న ఒక్క మాట అంటే సరిపోయేది. నేను గొడుగు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను, అంతే. ఆయన లోపలికి వెళ్లి సెట్టు మూత తీసి, తను వేసిన అతుకులన్నీ ఒక్కొక్కటే విప్పి మళ్లీ వేశాడు. పొద్దు గూకేదాకా అదే పని. తన చెయ్యినే అనుమానించుకున్నాడు, నా చెయ్యిని అనుమానించలేదు. మధ్యలో అక్క రెండుసార్లు అడిగింది, ఏమైనా తెలిసిందా తాతగారూ అని. నేను గోడకేసి చూశాను.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చాక ఆయన మళ్లీ డాబా ఎక్కి, ఈసారి తీగను పట్టుకుని లాగాడు. నా అతుకు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. పైన వెండిలా ఉన్నది లోపల పచ్చగా చిలుము పట్టి పొడి అయిపోయింది. వేలికి రాసుకుని చూశాడు, నా మొహం చూశాడు. బ్లేడు నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. నేను ఏడుస్తూ గీకాను. ఎర్రగా మెరిసేదాకా ఆయన ఓపిగ్గా చూస్తూ ఉన్నాడు.

రేడియో పలికింది. ఆ పట్నం హామ్ గొంతులో కోపం, అలసట రెండూ ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచి పిలుస్తూనే ఉన్నానన్నాడు. పాప క్షేమం. గోడ కూలి అక్క వాళ్లమ్మకు దెబ్బలు తగిలితే పట్నం దవాఖానకు తెచ్చారు. తెలివిలోనే ఉండి కూతుర్ని పిలవమని అడిగింది. ఈ తెల్లవారుజామున పోయింది. నిన్న సాయంత్రం మా దగ్గర్నుంచి ఆ పట్నానికి బస్సు వెళ్లింది, కబురు అందుంటే అక్క అందులో ఉండేది.

అక్క, బావ ఆ పూటే బయల్దేరారు. వాళ్లు వెళ్లాక తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే మాట చెప్పాడు.

"తప్పు నాదని అక్కకు చెప్పిన. అబద్ధమేం గాదు, లాగి చూడకపోవుడు నా తప్పే. మిగిలింది నీ తాన ఉంది. చెప్తవో లేదో నీ ఇష్టం బిడ్డా."

కొట్టినా బాగుండేదని అప్పుడు అనిపించింది. మా ఇంట్లో ఎవరికీ ఆయన ఈ సంగతి చెప్పలేదు. మర్నాడు ఎప్పటిలాగే నన్ను గదిలోకి పిలిచి ఐరన్ ఇచ్చాడు. నేను దాన్ని ముట్టుకోలేకపోయాను.

పదిహేను రోజులకు అక్క పాపను చంకనేసుకుని తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే వెళ్లి అంతా చెప్పేశాను, సిరాబుడ్డి మూత దగ్గర్నుంచి డాబా మీది గొడుగు దాకా. పాపకు అన్నం తినిపిస్తూ వింది. తర్వాత అడిగింది.

"ఆసిడ్ సంగతి సరే, పిల్లదానివి, నీకేం తెలుసు. తాతగారు వానలో తడుస్తా వెతుకుతుంటే, నువ్వు అక్కడే ఉన్నావా?"

ఉన్నానన్నాను. అక్క తిట్టలేదు. పాప మూతి తుడిచి లోపలికి తీసుకుపోయింది. తర్వాత కూడా పలకరించేది, పండక్కి గారెలు పంపేది. కానీ అంతకుముందులా నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేయలేదు.

నా చేతుల్లో ఆ తర్వాత కూడా చాలా చెడిపోయాయి. చేసిన ఉద్యోగంలో, పెంచిన పిల్లల దగ్గర. చెడిన ప్రతిసారీ ఆ పూటే, ఎవరూ అడగకముందే చెప్పేస్తాను. ఈవిడకు దాపరికం లేదని మావాళ్లు మెచ్చుకుంటారు. నాది మంచితనం కాదు, భయం. నువ్వు అక్కడే ఉన్నావా అని ఇంకెవరూ నన్ను అడగకూడదు.