కారు టైరు మీద అమర్‌కంటక్

బిలాస్‌పూర్ నుంచి అమర్‌కంటక్ వెళ్ళాలనుకునే మన రైల్వే వాళ్ళకి తేలికైన దారి ఒకటుంది. పొద్దున్నే కట్నీ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కి పెండ్రా రోడ్ స్టేషన్లో దిగితే బయటే జీపులు దొరుకుతాయి. పాసు ఉంటే రైలు ఖర్చు కూడా లేదు. అప్పలరాజు వాళ్ళమ్మ చెప్పింది కూడా అదే. "ఇంట్లో పాసెట్టుకుని ఆ డబడబలాడే బండి మీద ఎందుకురా? రైల్లో ఎల్లి సుబ్బరంగా తానం సేసి రండి" అంది. మేము వినలేదు. మేము అనడం కూడా తప్పే, నేను విననివ్వలేదు.

అప్పలరాజు నా చిన్నప్పటి స్నేహితుడు. మా క్వార్టరూ వాళ్ళ క్వార్టరూ ఒకే వరస. వాడు చదువుకున్నాడు, అసిస్టెంట్ డ్రైవరు పరీక్ష పాసయ్యాడు. ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది, అదీ వచ్చే గురువారమే. ఇంజను ఎక్కేవాళ్ళకి ఏ-వన్ మెడికల్ అంటారు. కళ్ళు, చెవులు, కాళ్ళు, చేతులు, ఏ ఒక్కటి కొంచెం తేడాగా ఉన్నా వెనక్కి పంపేస్తారు. ఆ లోపల కొడుకు అమర్‌కంటక్‌లో, నర్మద పుట్టే చోట మునిగి రావాలని వాళ్ళమ్మ మొక్కుకుంది. అదీ ప్రయాణానికి కారణం. బండి మీదే వెళ్ళాలన్నది మాత్రం నా పట్టుదల, ఎందుకంటే నా బండి వెనక చక్రానికి కారు టైరు ఉంది.

నేను తొమ్మిదో క్లాసులోనే బడి మానేశాను. ఒక స్పేర్ పార్టుల షాపు సామాన్లు కట్టుకుని కోర్బా, చిరిమిరి, మనేంద్రగఢ్, ఇలా బొగ్గు గనుల ఊళ్ళన్నీ తిరుగుతాను. ఒక చోట కూర్చోవడం నావల్ల కాదు. ఆ తిరుగుడుకి వెనక టైరు నాలుగైదు నెలలకే నడిమధ్య గుండు కొట్టించినట్టు అయిపోయేది. మా సూర్నారాయణ మావయ్య లోకో షెడ్డులో ఫిట్టరు. చక్రాల అరుగుదల కొలవడమే ఆయన డ్యూటీ. అరిగిన నా టైరు చూసినప్పుడల్లా ఆయనకి కడుపు మండిపోయేది. "ఇదేటిరా, అగ్గిపుల్లంత మందం లేదు, ఇదీ ఒక టైరేనా? కారు టైరు ఏసెయ్. ఐదేళ్ళు తిరిగి సూడక్కర్లేదు" అన్నాడు. నాది పాత రెండు సైలెన్సర్ల బండి, చక్రం పదహారు అంగుళాలు. బిలాస్‌పూర్ తోర్వాలో పాత ఇనుము కొట్టులో అదే కొలతతో పాతకాలపు చిన్న కారు టైరు ఒకటి దొరికింది. మావయ్య రెండు ఆదివారాలు కూర్చుని వెనక ఫోర్కు వెడల్పు చేయించి, మడ్‌గార్డు కోసి, గొలుసు రాసుకోకుండా పళ్ళ చక్రం పక్కకి జరిపి, ఆ టైరు ఎక్కించాడు. గాలి కూడా గట్టిగా కొట్టించాడు. మెత్తగా ఉంటే అరుగుతుందని ఆయన లెక్క.

మూడు నెలలు తిరిగినా దాని మీది గాడులు కొత్తగానే ఉన్నాయి. మావయ్య ప్రతి ఆదివారం వాటిలో అగ్గిపుల్ల గుచ్చి, గోటితో గుర్తు పెట్టి, పక్క క్వార్టర్ల వాళ్ళకి చూపించేవాడు. టీ కొట్టు దగ్గర నేను బండి ఆపితే జనం వంగి చూసేవారు. అప్పుడే ఇద్దరు తమ బళ్ళకీ వేయించుకుంటామన్నారు. బళ్ళో ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చున్నవాణ్ణి, నలుగురు వచ్చి నన్ను సలహా అడగడం నాకు అదే మొదటిసారి.

కానీ ఒక్క సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మావయ్యకి కూడా. మోటార్ సైకిలు టైరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి మలుపులో బండి దాని మీద దొర్లుతూ వంగుతుంది. కారు టైరు అడుగు బల్లలా చదును. మలుపులో వంచబోతే అది తన అంచు మీద నిలబడి, మొండి గేదెలా తిన్నగా పోతానంటుంది. మెల్లగా వెళ్తే తెలియదు. వేగంగా వెళ్తే మాత్రం మలుపు రాకముందే పిరుదు సగం సీటు మీంచి జారించి, లోపలి వైపు హ్యాండిల్‌ని బలంగా తోయాలి. రెండుసార్లు రోడ్డు దిగి మడిలో పడ్డాక ఈ కిటుకు నేర్చుకున్నాను. ఆ రెండుసార్లూ ఇంట్లో గేదె అడ్డం వచ్చిందని చెప్పాను.

ఆదివారం పొద్దున్న ఐదున్నరకి బయల్దేరాం. ట్యాంకు నిండా పెట్రోలు, ఒక లీటరు సీసాలో అదనంగా ఇంకొంచెం. కోటా దాటితే పంపు మీద నమ్మకం పెట్టుకోకూడదు. నెహ్రూ నగర్ మీదుగా మంగ్లా దాటి, సక్రి దగ్గర కుడికి తిరిగితే కోటా రోడ్డు. రెండు పక్కలా వరి మళ్ళు, రోడ్డు తిన్నగా గీత గీసినట్టు ఉంటుంది. అలాంటి రోడ్డు మీద కారు టైరుకి తిరుగులేదు. గతుకులు తెలియవు, బండి బరువుగా, నమ్మకంగా పోతుంది. వెనక కూర్చున్న అప్పలరాజు "పరుపు మీద కూకున్నట్టుందిరా" అన్నాడు. ఆరు ముప్పావుకి కోటా చేరాం. బస్టాండు దగ్గర ఇద్దరికీ పోహా, జిలేబీ, టీ కలిపి పది రూపాయల లోపే అయింది. తినాలంటే అక్కడే తినండి, తరవాత చాలా దూరం ఏమీ దొరకదు.

శివతరాయి దగ్గర అడవి గేటు. బండి నంబరు రాసుకుని గొలుసు దించుతారు. అక్కడి నుంచి అచానక్‌మార్ దాటేదాకా గుగ్గిలం చెట్ల అడవి, చల్లగా ఉంటుంది. స్వెట్టరు లేకపోతే వేసవి పొద్దున్న కూడా వణుకుతారు. లమ్నీ దాటాక ఘాట్ మొదలైంది. ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు. నేను ప్రతి మలుపుకీ సీటు మీద అటు జరిగి, ఇటు జరిగి, హ్యాండిల్ తోస్తున్నాను. అప్పలరాజు నా భుజం తట్టాడు.

"ఏట్రా, సీట్లో ముల్లుందా? అలా మెలికలు తిరిగిపోతన్నావు?"

"నడుం పట్టేసిందిరా" అన్నాను.

"ఇరవై రెండేళ్ళకే నడుమా! పెళ్ళి సేసుకోకురా బాబూ, ఆ పిల్ల బతుకు ఏటవుద్ది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తొమ్మిదిన్నరకి క్యోంచీ. అక్కడ రోడ్డు పక్క ఒక ఢాబా ఉంది. వంట చేసే ఆమె మట్టిపొయ్యి మీద వేడి రొట్టెలు, నూరిన టమాటా పచ్చడి పెడుతుంది. అంత దూరం వెళ్ళి అది తినకుండా రాకండి. ఆమె గిన్నె మా ముందు పెడుతూ నా బండి వైపు చూసి, "కా గా బాబూ, ట్రాక్టర్ కే చక్కా లగా డారే?" అంది, ట్రాక్టరు చక్రం తగిలించావా అని. పక్క మంచం మీద పెండ్రా జీపు డ్రైవరు ఒకడు టీ తాగుతున్నాడు. లేచి వెళ్ళి టైరుని చేత్తో తడిమి వచ్చాడు.

"నాలుగు చక్రాలదాన్ని రెండు చక్రాలకి పెట్టావు. నా జీపుకి వంగాల్సిన పని లేదు భాయ్, నీ బండికి ఉంది. దిగేటప్పుడు ఏం చేస్తావు?" అని హిందీలో అడిగాడు.

"మూడు నెలలుగా నడుపుతున్నాను, నాకు తెలుసు" అన్నాను.

"అచ్ఛా, తెలిస్తే మంచిదే" అని డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. అప్పలరాజు "ఏటంటాడు?" అని అడిగాడు. వాడికి నాకంటే హిందీ బాగా వచ్చు, అన్నీ విన్నాడు. నేనేమంటానో అని అడిగాడు. "జీపులోళ్ళకి మన బళ్ళంటే ఏడుపురా" అన్నాను.

పదకొండింటికి అమర్‌కంటక్. గుడి అవతల నర్మద మొదటి పాయలో స్నానాలు చేస్తారు. అక్కడ అది నడుం లోతు కూడా ఉండదు. అప్పలరాజు లుంగీ కట్టుకుని చూసి, "దీనికా మా అమ్మ మొక్కుకుంది? మా క్వార్టర్ల ఎనకాల మోరీ దీనికన్నా పెద్దది" అన్నాడు.

"ఒరే, కళ్ళు పోతాయి."

"కళ్ళు పోతే మెడికలూ పోద్ది. తప్పయిపోనాది తల్లీ, సమించీ" అని చెంపలు వేసుకుని మూడుసార్లు మునిగాడు. వాళ్ళమ్మ కోసం ఐదు లీటర్ల డబ్బాలో నీళ్ళు పట్టాం. మధ్యాహ్నం గుడి దగ్గర భోజనం చేశాం. ప్లేటు ఎనిమిది రూపాయలు, అన్నం అడిగినంత పెడతారు. ఒంటిగంటకి తిరుగు ప్రయాణం.

క్యోంచీ దాకా నేనే నడిపాను. ఘాట్ దిగే ముందు వాడు నా వీపు మీద కొట్టి, "ఇంక నాకియ్యి. రేప్పొద్దున్న ఇంజను తోలీవాణ్ణి, బండి తోలలేనా? నీకు నడుం కూడా బాలేదు" అన్నాడు. బండి ఆపాను. వాడు సీటు మీద కూర్చుని బ్రేకు నొక్కి చూసుకున్నాడు. తరవాత నా వైపు తిరిగి అడిగాడు, "దీన్తో ఏటైనా సూసుకోవాలా?"

చెప్పడానికి అర నిమిషం పట్టేది. మలుపుకి ముందు జరుగు, లోపలి హ్యాండిల్ తొయ్యి. కానీ అది చెబితే జీపువాడు చెప్పింది నిజమవుతుంది. మడిలో పడిన రెండుసార్లూ బయటికి వస్తాయి. రేపటికల్లా కాలనీ అంతా తెలుస్తుంది. "ఏటీ లేదు, మామూలు బండే" అని, నీళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను.

మొదటి రెండు మలుపులు మెల్లగా తీశాడు. మూడోది ఎడమ మలుపు, కొంచెం వేగం ఉంది. వాడు అందరూ వంచినట్టే వంచాడు. బండి వంగలేదు. వెనక చక్రం అంచు మీదకి లేచి తిన్నగా పట్టుకుంది. "ఒరే, ఇది తిరగట్లేదురా!" అని అరిచాడు. నేను "తొయ్యి, తొయ్యి!" అని అరిచాను. ఎటు తొయ్యాలో వాడికేం తెలుసు? రోడ్డు అవతల రాతి గట్టుకి గుద్దుకున్నాం. నేను గడ్డిలో పడ్డాను. బండి, గట్టు, రెండింటి మధ్యా వాడి కుడి మోకాలు ఉంది.

గంటన్నరకి వెదురు లోడు లారీ ఒకటి వచ్చింది. డ్రైవరు దిగి, తన తువ్వాలుతో మోకాలికి రెండు వెదురు బద్దలు కట్టి, మమ్మల్ని ముందు ఎక్కించుకుని సాయంత్రానికి రైల్వే ఆసుపత్రి గేటు ముందు దించాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. బండి అక్కడే వదిలేశాం.

కాలు దక్కింది, మోకాలు దక్కలేదు. గురువారం మెడికల్ మంచం మీదే దాటిపోయింది. అర్జీ పెడితే కొన్ని నెలల తరవాత మళ్ళీ పిలిచారు. డాక్టరు గొంతుక్కూర్చోమన్నాడట, వీడు సగంలో ఆగిపోయాడు. అంతే, ఒక కాగితం చేతికిచ్చి పంపేశారు. మా మావయ్య ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని నిలబడి, ఎవరినీ చూడకుండా అన్నాడు, "షెడ్డుకొచ్చిన ఇంజను చక్రం అరిగి సదునైపోతే మలుపు తీసుకోదని లేతు మిషనుకి పంపీది నానే. వాలుగా కోయించి మళ్ళీ ఎక్కించీదీ నానే. ముప్పై ఏళ్ళ సర్వీసు. మేనల్లుడి బండికి నా సేత్తో సదునుది ఎక్కించినాను." ఆ తరవాత ఆయన టైర్ల గురించి నాతో మాట్లాడలేదు.

మంచం మీద ఉండగానే అప్పలరాజుకి నిజం చెప్పేశాను. మడిలో పడడం, జరగడం, తొయ్యడం, అన్నీ. వాడు పైకప్పు ఫ్యాను వైపే చూస్తూ విన్నాడు. "నడుం పట్టేసిందన్నావు కదరా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. వాళ్ళమ్మ ఇప్పటికీ నేను వెళ్తే గుమ్మంలోంచే "ఆడు పడుకున్నాడు" అంటుంది. వాడిప్పుడు నేను సామాన్లు మోసే షాపులోనే కౌంటరు దగ్గర కూర్చుంటున్నాడు. నేనే ఓనరుని బతిమాలి పెట్టించాను. వాడు కూర్చున్నాడు, నేను తిరుగుతున్నాను. నేను వేరే ఊరికి బయల్దేరుతుంటే బిల్లు రాసిచ్చి, తల ఎత్తకుండా "అచ్ఛా, ఎల్లిరా" అంటాడు. బండిని లారీ మీద తెప్పించి మామూలు టైరు వేయించుకున్నాను. అది నాలుగు నెలలకే అరిగిపోతుంది. అరగనీ.

ఇప్పటికీ కొత్తవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి, కారు టైరు ఎంత కాలం వస్తుందన్నా అని అడుగుతూనే ఉంటారు. చాలా కాలం వస్తుంది, అందులో అబద్ధం లేదు. గట్టుకి గుద్దుకున్నాక కూడా దాని గాడులు కొత్తవాటిలానే ఉన్నాయి. మనకి అరిగేది ఒక్కటే కనిపిస్తుంది, మా మావయ్యకీ నాకూ అలాగే కనిపించింది. అమర్‌కంటక్ మంచి చోటే, వెళ్ళండి. రోడ్డూ బాగుంటుంది, క్యోంచీ రొట్టె బాగుంటుంది. రైల్లో వెళ్ళినా, బండి మీద వెళ్ళినా మీ ఇష్టం. బండి మీద వెళ్ళేవాళ్ళకి మాత్రం ఒకే మాట: దారిలో హ్యాండిల్ ఇంకొకరి చేతికి ఇవ్వాల్సి వస్తే ఇంజను ఆపి, కిందికి దిగి, మీ బండికున్న రోగం ఏమిటో పూర్తిగా చెప్పి, అప్పుడు తాళం ఇవ్వండి. వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.