రొయ్యల మొక్కు

నాకు రొయ్యలు పడవు. ఒక్కటి లోపలికెళ్ళినా మొహం బన్నులా ఉబ్బి, గొంతు మూసుకుపోతుంది. రెండుసార్లు ఆసుపత్రి పాలయ్యాను. అయినా ఇది నలుగురిలో చెప్పుకునే రోగం కాదు. గుండెపోటుకున్న పరువు రొయ్యపొట్టుకి ఉండదు.

అనకాపల్లిలో మా వీధికి చేపల గంపతో వచ్చే ఆవిడ నా స్నేహితుడి తల్లి. వాణ్ణి బావా అంటాను కాబట్టి ఆవిడ నాకు అత్త. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న రోజుల్లో, పూడిమడకలో వాళ్ళింటికి భోజనానికి పిలిచింది. పళ్ళెంలో వేడన్నం, పక్కన రొయ్యల ఇగురు.

"పడవత్తా" అనబోయి ఆగాను. ఆ మాట మనుషులకీ వాడతాం కదా, అత్తాకోడళ్ళకి పడదన్నట్టు. చేపలమ్ముకునే ఇంట్లో కూర్చుని అంటే, ఇల్లే పడలేదనుకుంటారని భయం. ఇది నేను నలుగురికీ చెప్పే కారణం. అసలు కారణం, రొయ్యకి భయపడేవాడని బావ నవ్వుతాడని.

"మొక్కుందత్తా. ఉద్యోగం వచ్చేదాకా రొయ్యలు మానేసేను, నూకాలమ్మకి."

డాక్టరు చీటీకి లేని విలువ మొక్కుకి ఉంది. ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, గుడ్డు వేయించి తెచ్చింది. సుఖంగా తిన్నాను.

పది నెలలకి అచ్యుతాపురంలో ఉద్యోగం దొరికింది. ఆ ఆదివారం అత్త గంప లేకుండా, క్యారేజీతో, కొడుకుని వెంటేసుకుని మా ఇంటికొచ్చింది.

"తిను అల్లుడా, మొక్కు తీరిపోనాది. నువ్వు తింతే నేనూ తింతాను."

"నువ్వెందుకు ఆగడం అత్తా?"

"ఏటి బావా, నీకు తెలీదా?" బావ నవ్వాడు. "నీకు తోడుగా మాయమ్మా మొక్కేసింది. నువ్వు తిన్నాకే ముట్టుకుంతానని. పది నెలల్నించి గంపలు గంపలు అమ్మతాది, ఒక్కటి నోట్లో ఎయ్యదు."

ముద్ద కలిపాను. నిజంగా తినేద్దామనే అనుకున్నాను. ఆ క్షణంలో చావు కంటే సిగ్గు పెద్దదిగా కనిపించింది. ముద్ద పెదవి దగ్గరకొచ్చాక ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది.

"అత్తా, మొక్కు లేదు. నాకు రొయ్యలు పడవు. తింటే ఊపిరాడదు."

తిడితే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి, చంటిపిల్లాడికి కడిగినట్టు సబ్బుపెట్టి కడిగింది.

"సచ్చిపోదువు కదరా ఎదవా! ఆ మాట ఆ రోజే సెప్తే గుడ్డు ఎయ్యనేటి?" అని, కుళాయి కట్టేసి, మెల్లిగా అంది. "నాది మాత్రం నిజం మొక్కేరా."

క్యారేజీ బావ ఖాళీ చేశాడు. వాడికి అన్నీ పడతాయి.

ఇప్పటికీ ఆవిడ మా వీధిలో రొయ్యలమ్ముతుంది. రుచికెలా ఉన్నాయని ఎవరైనా అడిగితే, "బాగున్నాయని మా అబ్బాయి సెప్పేడమ్మా" అంటుంది. నేను తలుపు వెనక ఉంటాను.