టీచరమ్మ ఏరి పెట్టిన మూట

ఎస్తేరమ్మ టీచరు ఇక లేరని వేలూరు తొరపాడి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను అంగట్లో గల్లా ముందు కూర్చుని ఉన్నాను. మాట చెవికి వినపడింది, బుద్ధికి అందలేదు. "ఏ టీచరు?" అని అడిగానట. గుడియాత్తం బజారులో టీచరమ్మ అంటే ఒక్కరే కదా! వైద్యానికని వేలూరు బస్సెక్కిన మనిషి, వారంలో వచ్చేస్తానన్న మనిషి, ఇట్లా మాట తప్పుతారని ఎవరనుకున్నారు? ఆ పుణ్యమూర్తి అస్తమయం మా ఊరికి తీరని లోటని అందరూ అంటున్నారు. నేనూ అంటాను. కానీ ఆ లోటును నా చేతులారా ఇంకొంత పెంచినవాణ్ణి గనుక, ఈ నాలుగు మాటలు తలెత్తుకుని రాయలేకపోతున్నాను.

ఆమె క్రైస్తవ ధర్మంలో అచంచల విశ్వాసం గల విదుషీమణి. నేను వేంకటేశ్వరుణ్ణి కొలిచే బజారు మనిషిని. ఈస్టరు పండుగకు ముందు వచ్చే ఉపవాస దినాలను వాళ్లు శ్రమకాలం అంటారు. ఆ దినాల్లో ప్రతి శనివారమూ వీధి పిల్లలను తన వరండాలో చాపమీద కూర్చోబెట్టుకుని, సిలువలూ ముళ్ల కిరీటాలూ చేయించేవారు. చేయించడం కన్నా ఏరించడమే ఆమెకు ముఖ్యం. దేనితో చేయాలో పిల్లలే ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకున్నారో నోరు విప్పి చెప్పాలి. అందరి ఇళ్లలోనూ దొరికేదే చాపమీదికి రావాలి. మగ్గాల దగ్గర మిగిలిన దారపు తుంపులు, మందు అంటని అగ్గిపుల్లలు, కొబ్బరి పీచు, చిరిగిన అట్టపెట్టెలు, ఇవీ ఆమె సామగ్రి.

మాది ఫ్యాన్సీ అంగడి. మొదటిసారి ఆమె వచ్చి ఖాళీ అట్టపెట్టెలు అడిగినప్పుడు నాకు మనసొప్పలేదు. ఇంత పెద్దావిడ చెత్త అడగడమేమిటని, మెరుపు కాగితాలు ఒక కట్ట తీసి ముందు పెట్టాను. ఆమె కట్టను వేళ్లతో నిమిరి, నవ్వి, వెనక్కి తోశారు. "వద్దు నాయనా. ఇది ముందే అందంగా ఉండాది. బిడ్డలు దీనికి చేసేదేముండాది?" అన్నారు. అభిమానవంతురాలు, ఊరికే వచ్చింది పుచ్చుకోదు కాబోలు అనుకున్నాను. అదీ నా తెలివి!

ఒక ఏడాది కిరీటానికని పిల్లలు సీమతుమ్మ ముళ్లు కోసుకొచ్చారు. ఒక తల్లి అగ్గిమీద గుగ్గిలమై మా అంగడి ముందే ఆమెను నిలేసింది. "ఏం టీచరమ్మా, బిడ్డల చేతికి యాడన్నా ముండ్లు ఇస్తారా?" టీచరమ్మ కోప్పడలేదు. చేతిసంచిలోంచి ఒక కొమ్మ తీసి ఆ తల్లి అరచేతిలో పెట్టారు. "గట్టిగా పట్టుకో అమ్మా, గుచ్చుకుంటాదేమో చూడు." గుచ్చుకోలేదు. ఒక్కొక్క ముల్లు మొననూ ఆమె ముందుగానే గడప రాతి మీద అరగదీసి ఉంచారు. గుచ్చుకున్న తన వేళ్లకు మాత్రం పసుపు రాసుకుని ఉన్నారు.

మరొకసారి పిల్లలను మోర్ధానా డ్యాం బస్సులో తీసుకుపోయి కాలువ గట్టున తుంగ కోయించారు. పచ్చటి తుంగ మెత్తగా ఉందని పిల్లలంతా దాన్నే ఎంచుకుని సిలువలు అల్లారు. ఆమెకు తెలియదా? తెలుసు. ఊరుకున్నారు. మరుసటి శనివారానికి తుంగ ఎండి, అల్లిక వదులై, సిలువలన్నీ జారిపోయాయి. పిల్లలు ఒకటే ఏడుపు. "ఏడిస్తే ఎట్ల? ఎండినదాన్ని తడిపి అల్లితే నిలుస్తాదని ఇప్పుడు మీకే తెలిసిపోయె. నేను చెప్పుంటే మరిచిపోయుంటారు" అన్నారట. నేర్పడమంటే తొందరపడకపోవడమేనని ఆమెను చూసి తెలుసుకున్నాను, తెలుసుకుని ఊరుకున్నాను.

వేలూరు పోయే రోజు ఆమె ఒక పాత దిండు గలీబులో కట్టిన మూట తెచ్చి నా బల్ల కింద పెట్టారు. మనిషి అప్పటికే బాగా నీరసించారు.

"ఇంట్లో పెడితే పిల్లోల్లు ముందే పీకి పందిరేస్తారు, నీ దగ్గర ఉంచు నాయనా. ఈసారి ఒక్కో బిడ్డకు ఒక్కోటి నేనే ఏరినాను. శనివారానికి నేను రాకపోతే నువ్వే ఇచ్చెయ్."

"ఎవరికేదో నాకెట్ల తెలుస్తాది టీచరమ్మా?"

"నీకెందుకప్పా? చూస్తే వాళ్లకే తెలుస్తాది."

అదే ఆఖరి మాట. ఆమెను గుడియాత్తం తెచ్చి సమాధి చేసిన రోజు అంగడి మూసి నేనూ వెంట నడిచాను. మర్నాడు బల్ల కింద ఆ మూట కనబడింది. మా ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పోయినవారి పేరిట ఇచ్చేది కొత్తదై ఉండాలి. కొత్త బట్ట, కొత్త చెంబు. పాతది ఇస్తే పోయినవారిని కించపరిచినట్టే. అంత గొప్ప మనిషి పేరు చెప్పి పసిబిడ్డల చేతిలో పీచూ పేలికలూ పెట్టడమా? మూటను మునిసిపాలిటీ చెత్తబండిలో వేయించాను. ఆమె ఫోటోకు దండ వేసి, దాని ముందు మెరుపు కాగితాలు, థర్మాకోల్ పలకలు, రంగురాళ్లు వరసగా పేర్చాను. నా పెద్దరికానికి నేనే మురిసిపోయాను. థూ!

శనివారం పిల్లలు వచ్చారు. మగ్గం నేసేవారి పాప సారా ముందు నిలబడింది.

"తాతా, నీ దగ్గర ఉండాదని టీచరమ్మ చెప్పిన మూట ఇయ్యి."

"ఇదిగో తల్లీ, అన్నీ కొత్తవి. మీకే, తీసుకోండి."

ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. "ఇవి వేండాం తాతా. మా టీచరమ్మ ఏరింది యాడ?" అంది సారా.

చెప్పాను. చెప్పక ఏం చేస్తాను? చెప్పులు కూడా వేసుకోకుండా ఊరి బయటి చెత్తదిబ్బకు పోయాను. దిబ్బ సగం కాలుతోంది. కట్టె పుచ్చుకుని పొగలో కెలికి కెలికి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. పిల్లలు మెట్లమీదే కూర్చుని ఉన్నారు.

సారా లేచి వచ్చింది. "పోతే పోనీ తాతా. నాకేం ఏరి పెట్టిందో చెప్పు. నేనే యాడన్నా ఎతుక్కుంటాను."

అన్ని దినాలు నా కాళ్ల దగ్గరే ఉన్న మూట. ఒక్కసారి ముడి విప్పి చూసిన పాపాన పోలేదు. చెత్త అనుకున్నాను, చెత్తను ఎవరు చూస్తారు? ఒక్కొక్క బిడ్డనూ మనసులో తలుచుకుంటూ ఆ జబ్బు మనిషి ఏం ఏరిందో ఇక ఈ లోకంలో తెలిసినవారు లేరు. "తెలియదమ్మా" అన్నాను. ఆ పసిది మిగిలినవాళ్లను పిలుచుకుని వెళ్లిపోయింది.

టీచరమ్మా, మీ వంటి వారు మళ్లీ పుట్టరు. మీ సమాధి దగ్గర అందరితో పాటు నేనూ తల వంచాను, అది గౌరవంతో. ఇప్పుడు నా అంగడి ముందు పిల్లలు పోతుంటే వంచుతున్నాను, ఇది సిగ్గుతో.