పిత్తనాళానికి ఒక్క నిమిషం

మార్చి పదకొండవ తేదీన మా పెదనాన్న పద్నాలుగు సార్లు "ఒక్క నిమిషం" అన్నారు. వాటిలో ఏ ఒక్కటీ నిమిషంలో ముగియలేదు. ముద్ద మధ్యలో, మాట మధ్యలో, ముఖ్యంగా ఎదుటివారు నోరు తెరిచిన మరుక్షణంలో ఆ రెండు మాటలు అనేసి లేచి వెళ్లిపోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ప్రయోగశాలల్లో మనుషులు సమయాన్ని ఎలా గడుపుతారన్నది నా పరిశోధనాంశం. బంధువులను పరిశీలనకు తీసుకోరాదని మా ఆచార్యులు హెచ్చరించారు. కానీ ఇంట్లోనే కాలుగాలిన పిల్లి ఉండగా మరొకరిని వెతకడం నాకు శాస్త్రీయంగా తోచలేదు.

పెదనాన్న జీవితమంతా పాసమ్ అనే విదేశీ జంతువు పొట్టలోనే గడిచింది. అది పిల్లను సంచిలో పెట్టుకుని తిరుగుతుంది. "పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికే మనకన్నా నయం" అనేవారాయన. దాని కాలేయం నుంచి చిన్నపేగుకు పిత్తరసాన్ని చేరవేసే నాళం, ఆ నాళం చివర తలుపులా పనిచేసే కండరం, ఆ కండరానికి ఆజ్ఞలు మోసే నరాలు. ఇవి తప్ప ఆయనకు లోకంలో మరో వార్త లేదు.

"ఆ తలుపు ఎప్పుడు తియ్యాలో నరం చెబుతుందన్నారు. బాగుంది. వీధి తలుపు తీసుకుని పొమ్మని మీకెవరు చెబుతున్నారండీ?" అని పెద్దమ్మ ఒకనాడు నిలదీసింది.

"ఒక్క నిమిషం" అని పెదనాన్న వీధి తలుపు తీసుకుని వెళ్లిపోయారు.

అక్క పరీక్ష తప్పి ఇంటికి వచ్చిన రోజున కూడా ఇంతేనట. ఏమైందమ్మా అని అడిగి, దాని పెదవి వణకగానే "ఒక్క నిమిషం" అని మేడ మీదికి పోయారట. దిగివచ్చి, గొడుగు ఎక్కడ పెట్టావని అడిగారట. కన్నకూతురి గోడు వినే ఓపిక లేని మనిషని పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ప్రయోగశాలలో సహాయకుడి చేతిలో సీసా పగిలినా, అందరూ లోపలికి పరుగెత్తితే ఆయన బయటికి పరుగెత్తేవారు. ఈ మొత్తాన్ని నేను నివేదికలో "నిష్కారణ నిష్క్రమణలు" అనే శీర్షిక కింద చేర్చాను.

ఆ శీర్షికకు చేటు వచ్చింది ఆయన శిష్యురాలి పరీక్ష రోజున.

నాళం వెంట ఒక సన్నని నరం విడిగా సాగి, చివరి కండరం దాకా పోతుందని ఆమె వాదన. అటువంటి నరం లేదని వెలుపలి నుంచి వచ్చిన పరీక్షకుడి నమ్మకం. కంటితో చూస్తే తప్ప పట్టా ఇవ్వనన్నాడు. ఆ ఉదయమే జంతు ప్రదర్శనశాలలో బండి కింద పడి చనిపోయిన పాసమ్ ఒకటి దొరికింది. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. తాజా కణజాలానికి రంగు పట్టించి గాలికి ఆరబెడితేనే నరం నీలంగా పైకి తేలుతుంది. కంగారులో ఆ అమ్మాయి గాలి తగలకముందే గాజుపలక కప్పేసింది. పరీక్షకుడు సూక్ష్మదర్శిని మీదికి వంగబోతుండగా ఆమెకు తప్పు తెలిసింది. పలక మీద వేలు పెట్టి పెదనాన్న వైపు చూసింది.

"ఒక్క నిమిషం" అన్నారు పెదనాన్న, పరీక్షకుడి మోచెయ్యి పట్టుకుని.

పరిశీలకురాలిని కనుక వెంట నడిచాను. పెదనాన్న ఆయనకు సీసాలో ఉన్న కాలేయం చూపించారు. తరువాత ఖాళీ సీసా చూపించారు. తరువాత మెట్లు చూపించారు.

"నాకు బండి టైమవుతోందండీ" అన్నాడు పరీక్షకుడు.

"ఒక్క నిమిషమేనండీ, చేతులు కడుక్కుని వస్తా."

కుళాయి దగ్గర ఆయన చేతులు కడుక్కోలేదు. నీళ్లు వదిలి, ప్రయోగశాల తలుపుకున్న చిన్న అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడ్డారు. లోపల ఆ అమ్మాయి గాజుపలక ఎత్తి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. కొంతసేపటికి ఆమె భుజాలు కిందికి దిగాయి. ఆయన కుళాయి కట్టేశారు.

"పదండి, ఆలస్యమవుతోంది" అన్నారు, ఆలస్యం పరీక్షకుడిదే అయినట్టు.

పరీక్షకుడు చాలాసేపు వంగే ఉన్నాడు. చివరికి, "ఉందమ్మా. నువ్వన్నచోటే ఉంది" అన్నాడు.

అక్క కన్నీళ్లు తుడుచుకునేందుకు, సహాయకుడు గాజు పెంకులు ఏరుకునేందుకు పట్టే వ్యవధి ఎంతో నాకు అప్పుడు తట్టింది. అడిగితే పెదనాన్న ఏమన్నారో మీరు ఊహించగలరు.

మరుసటి వారం నా నివేదిక సమర్పణ. మా ఆచార్యులు ఆ శీర్షిక దగ్గర ఆగి, "కారణం నిజంగా లేదా?" అని అడిగారు. చెబితే ఆ అమ్మాయి పొరపాటు సభకెక్కుతుంది. చెప్పకుంటే నా పరిశోధన తేలిపోతుంది. మంచినీళ్ల గ్లాసు వైపు చూశాను. గదంతా నా వైపే చూస్తోంది.

ముందు వరుసలో కుర్చీ కిర్రుమంది.

"ఒక్క నిమిషం" అంటూ పెదనాన్న లేచి, మా ఆచార్యుల కాళ్లు తొక్కి, క్షమించమని అడుగుతూ పక్కవారి సంచి తన్ని, సభంతా నవ్వుతుండగా బయటికి నడిచారు. ఆ నవ్వుల మధ్య నేను మంచినీళ్లు తాగి, "కారణం ఉందండీ. అది ఆయన సొంతం, నేను చెప్పకూడదు" అని శీర్షికలో ఒక మాట కొట్టేసి, పేజీ తిప్పాను.

సభ ముగిసి అందరూ లేస్తుండగా ఆయన తలుపులోంచి తల పెట్టారు.

"మొదలుపెట్టావా, అమ్మా?"